క్లచ్చి లేని బండికి నేను వేసిన రాగి పైపు

బండి కింద ఎర్ర నూనె చుక్క కనిపిస్తే మొదట ఏం చెయ్యాలని అడిగితే ఇప్పటి పిల్లోళ్లు గడగడా చెప్తారు. బాగనే చెప్తారు. నేను చెప్పేది ఇంకోటి. ఆ చుక్కను మీకు చూపించిన మనిషి మాట పూర్తిగా వినండి. వినకుండా స్పానరు ఎత్తుకున్నోడిని నేను. అందుకే ఇది రాస్తాండా.

నలభై ఏండ్లకు పైగా బండ్ల కింద పండుకున్నాను. మొదట హోసూరు, నడుమ కొన్నాళ్లు కృష్ణగిరి, మళ్లా హోసూరు. బాగా వచ్చిన పనులు మీకు ఎవురైనా చెప్తారు, వాటిని విని నేర్చుకునేది తక్కువ. నేను చెడగొట్టిన పని ఒకటి చెప్తాను. అది చెప్తే మునెన్న గురించి చెప్పినట్లయితాది. నిజానికి నాకు కావాల్సింది కూడా అదే. ఆయన గురించి మాట్లాడుకునేదానికి ఇప్పుడు నాకు తోడు ఎవరూ మిగల్లేదు.

కంచరోళ్ల ఇంటి నుంచి

మాది కంచరోళ్ల ఇల్లు. బిందెలు, కాగులు, చెంబులు చేసేది. మా నాయిన రాగి రేకును కొట్టి కొట్టి బిందెను లేపుతాండె. కొట్టేకొద్దీ రాగి గట్టిపడతాది, అట్లే కొడితే చీలతాది. అందుకని నడుమ నడుమ కొలిమిలో ఎర్రగా కాల్చి, నీళ్లలో ముంచి, మెత్తన చేసుకోవాల. నాకు నడక వచ్చినప్పటి నుంచీ తెలిసిన సంగతి ఇది.

అల్యూమినియం వచ్చి బిందెల పని తగ్గిపోయె. నేను ఖాదర్ మేస్త్రి షెడ్డులో చేరినాను. బెంగుళూరు రోడ్డు పక్కన రేకుల కొట్టం అది. మేస్త్రి మిలిటరీ బండ్ల దగ్గర పని నేర్చుకున్న మనిషి. తిట్టడు, కొట్టడు. తప్పు చేస్తే విప్పమంటాడు, బిగించమంటాడు, మళ్లా విప్పమంటాడు. ఒకే నట్టును తొమ్మిది సార్లు విప్పిన దినం నాకు ఉంది. దీనికంటే నాలుగు తిట్లు తిట్టినా మేలు గదా అనిపించేది. అంత మంచి గురువు నాకు మళ్లా దొరకలేదు. అయితే ఆయనకూ ఒక భయం ఉండె, అది తర్వాత చెప్తాను.

మునెన్న

మునెన్న మత్తూరు పక్క పల్లె మనిషి. మద్రాసుకు, బెంగుళూరుకు నడుమ లారీ తోలుతాండె. నాకంటే పదిహేనేండ్లు పెద్ద. నేను షెడ్డులో చేరిన కొత్తలో, నా చొక్కా మీద గ్రీసు మరకలు చూసి మా వీధిలోవాళ్లే ఎగతాళి చేస్తాండ్రి. నేను మొగం ముడుచుకుని ఉంటే మునెన్న లారీ దిగి వచ్చి, "ఏమప్పా ఆచారీ, బిందెలకు చక్రాలు పెట్టేదానికి వచ్చినావా?" అన్నాడు. నాకే నవ్వు వచ్చె. పక్కన కూచోబెట్టుకుని టీ తాపించినాడు. ఆ దినం నుంచి ఆయన లారీ హారను రెండు మలుపుల అవతల వినపడితే నేను గుర్తుపడతాంటిని.

తర్వాత బర్గూరు దగ్గర ఆ లారీ బోల్తా పడె. ఆసుపత్రిలో ఆయన ఎడమ కాలు మోకాలి కింద తీసేసినారు. చెక్క కాలు కట్టుకుని, చేతికర్ర పట్టుకుని, నేరుగా మా షెడ్డుకే వచ్చినాడు. వాకిట్లో పాత టైరు మీద కూచుంటాడు. వచ్చే బండి శబ్దం విని, దాంట్లో ఏం చెడిందో బానెట్టు తెరవకముందే చెప్తాడు. అది తప్పు పోయింది నేను చూడలేదు. పాత స్నేహితులు, డ్రైవర్లు, ఆయన్ని పలకరించి గబగబా జారుకుంటాండ్రి. మూడేండ్లు ఆయన ఒక్క బండి స్టీరింగు పట్టుకోలేదు. ఎడమ కాలు లేకపోతే క్లచ్చి తొక్కేది ఎట్ల?

"యాడన్నా చిన్న అంగడి పెట్టుకోరాదా అన్నా?" అని ఒక దినం అడిగినాను.

"అంగడి కదలదు గదప్పా" అన్నాడు.

రెండే పెడల్లు

డెంకణికోట అవతల తిమ్మారెడ్డి అని భూములుండే రైతు. ఆయన, ఊరు విడిచిపోతాండే ఒక దొర దగ్గర బెంగుళూరులో అమెరికా బండి కొన్నాడు. పావురాయి రంగు, మంచమంత బానెట్టు. రెడ్డిని వెనక కూచోబెట్టుకుని దాన్ని హోసూరు దాకా తోలుకొచ్చిన డ్రైవరు మా షెడ్డు ముందర ఆపి, "ఇది నాకు కాదు సామీ. క్లచ్చే లేదు, ఎడమ కాలికి పనే లేదు, నిద్ర వస్తాంది" అని తాళాలు ఇచ్చేసి పోయినాడు.

ఆ మాట విని మునెన్న టైరు మీద నుంచి లేసినాడు. కర్ర ఆనించుకుంటా వచ్చి తలుపు తీసి లోపలికి వంగి చూసినాడు. రెండే పెడల్లు. ఒకటి పొయ్యేదానికి, ఒకటి ఆగేదానికి. రెండింటికీ కుడికాలు చాలు. మునెన్న రెడ్డి వైపు తిరిగి, "అయ్యా, ఒక్కసారి కూచుంటాను" అన్నాడు.

రెడ్డి ఆయన చెక్క కాలు చూసి, మేస్త్రి మొగం చూసినాడు. "కూచోనీ రెడ్డీ, వీడికంటే బాగా తోలేవాడు నాకు తెలిసి హోసూరులో లేడు" అన్నాడు మేస్త్రి.

శూళగిరి దాకా పోయి వచ్చినాము. నేను వెనక సీట్లో ఉన్నాను. మునెన్న తిరిగి వచ్చి షెడ్డు ముందర ఆపి, స్టీరింగు మీద రెండు చేతులూ అట్లే పెట్టుకుని ఏడ్చినాడు. రెడ్డి చూడనట్లే దిగి, మేస్త్రితో ఏదో మాట్లాడతా నిలబడినాడు. ఆయన చెడ్డమనిషి కాదు, ఇది మీరు మరవకూడదు. ఆ దినమే మునెన్నను పనిలో పెట్టుకున్నాడు.

మా చుట్టుపక్కల యాడా అట్లాంటి బండి ఇంకోటి లేదు. మునెన్న తోలగలిగేది ఆ ఒక్క బండినే. అది ఉంటే ఆయన డ్రైవరు, లేకుంటే వాకిట్లో టైరు మీద కూచునే మనిషి. ఈ సంగతి నాకంటే బాగా ఎవరికీ తెలియదు.

రెండేండ్లు ఆ బండి నడిచె. రెడ్డి ఇంటిపట్టున ఉండే ఆదివారాల్లో, బండిని పరీక్ష చెయ్యాలని సాకు చెప్పి మునెన్న నన్ను ఎక్కించుకుని పోతాండె. కురుబరపల్లి దగ్గర మామిడి తోపుల పక్కన నిదానంగా తోలతా, "దీనికి గేరు మారేది చెవికి వినపడదప్పా, ఒంటికి తెలస్తాది" అంటాండె. నేను ఆయన ఎడమ పక్క కూచోని, అద్దం దించి, చెయ్యి బయట పెట్టుకుని ఉంటిని. పెండ్లాం, పిల్లలు, ఇల్లు, అన్నీ నాకు తర్వాత వచ్చినాయి. సుఖంగానే బతికినాను. అయినా బతికిన దినాల్లో ఒక్కటి వెనక్కి ఇస్తాము, ఏది కావాలని అడిగితే, అట్లాంటి ఆదివారం ఒకటి అడుగుతాను.

రాగి

అట్లాంటి బండిలో క్లచ్చి చేసే పనిని గేరుబాక్సులోని నూనె చేస్తాది. ఎర్రటి పలచని నూనె. అది ఊరికే వేడెక్కతాది. చల్లబరిచేదానికి చిటికెన వేలంత ఉక్కు పైపులు రెండు ఉంటాయి. ఒకదాంట్లో నూనె ముందుకు, రేడియేటరు అడుగుకు పోతాది, ఆడ చల్లబడి రెండోదాంట్లో వెనక్కి వస్తాది. పైపు అదిరి ఛాసీకి రాసుకోకుండా క్లిప్పులు పట్టుకుని ఉంటాయి. రెడ్డి బండిలో ఒక క్లిప్పు ఊడిపోయి, పైపు ఛాసీకి రాసుకుని రాసుకుని బొక్క పడె.

మేస్త్రి చూసి, "బెంగుళూరు గుజరీ అంగళ్లకు పో. ఇదే లావు ఉక్కు పైపు తే. దొరికేదాకా వెతుకు" అని నాకు చెప్పి, బంధువుల పెండ్లికి వాణియంబాడి పోయినాడు.

నేను పోయినాను. దినమంతా పాత సామాన్లలో తిరిగినా ఆ లావు పైపు దొరకలేదు. బ్రేకు పైపు దొరికె గానీ అది సన్నం. ఉత్త చేతులతో తిరిగి వస్తే మునెన్న షెడ్డులో కాచుకుని ఉన్నాడు.

"రెడ్డి ఎల్లుండి కృష్ణగిరి పోవాలంటాండాడప్పా. ఇట్లా ఊరికే నిలిచిపోతాంటే ఈ బండి అమ్మేసి చిన్న బండి చూస్తానంటాడు. ఏమన్నా చెయ్యి" అన్నాడు.

చిన్న బండి అంటే క్లచ్చి ఉండే బండి. మా నాయిన దగ్గర అదే లావు రాగి గొట్టం ఉండేది గుర్తొచ్చె. ఇంటికి పోయి తెచ్చినాను. కొలిమిలో కాల్చి మెత్తన చేసి, లోపల ఇసుక దట్టించి, పాత పైపు పక్కన పెట్టుకుని అవే వంపులు వంచినాను. ఒక్క నొక్కు పడలేదు. చివర్లు గరాటు మాదిరి తెరిచి, నట్లు ఎక్కించి బిగించినాను. క్లిప్పు మాత్రం వెయ్యలేదు, సరిపొయ్యేది చేతికి దొరక్క. మునెన్న కిందికి వంగి చూసి, "ఏమప్పా, మా బండికి నగ చేయించినావే" అన్నాడు. నాకు అంత పొగరు జన్మలో ఎప్పుడూ రాలేదు.

మేస్త్రి వచ్చి చూసినాడు. వేలితో పైపును మీటినాడు. "పని బాగుంది. అయితే ఇది నాలుగు దినాల పని. ఉక్కు పైపు తెచ్చి మార్చు, క్లిప్పు వెయ్యి" అన్నాడు. సరే అన్నాను.

వారం పోయె, నెల పోయె. పైపు కారలేదు. నేను బెంగుళూరు పోలేదు, మేస్త్రి మళ్లా అడగలేదు. ఆపద్ధర్మానికి చేసిన పని కారేదాకా బాగున్నట్లే కనపడతాది, అదే దాంతో వచ్చే చిక్కు. మీలో శానామంది ఇట్లాంటి పనులు చేసి మరిచిపోయుంటారు. ఈ మాట చదివినంక పోయి ఒకసారి చూసుకోండి.

కొడితే రాగి గట్టిపడతాదని నాకు ఒకరు చెప్పాల్నా? మా ఇంట్లో అన్నం పెట్టిందే ఆ సంగతి. అయితే కొట్టేది అంటే నా లెక్కలో సుత్తి. బండి కింద దినమంతా అదిరేది కూడా దెబ్బేనని, నిదానంగా పడే దెబ్బ అని, నాకు తట్టలేదు. మా నాయిన్ని అడిగుంటే ఒక్క నిమిషంలో చెప్పును. బిందెలు చేసే మనిషిని ఇంజన్ల సంగతి అడిగేది ఏమిటికని నేను అడగలేదు.

ఒక్క చుక్క

నాలుగు నెలలకు మునెన్న వచ్చి, "పొద్దున బండి నిలబెట్టిన తావులో ఒక చుక్క ఎర్రగా కనిపించెనప్పా" అన్నాడు.

నేను ఇంకో బండి పనిలో ఉన్నాను. విసుగ్గానే కిందికి దూరినాను. నట్టు తడిగా ఉండె. స్పానరుతో పావు చుట్టు బిగించి, గుడ్డతో తుడిచి బయటికి వచ్చినాను.

"నట్టు కాదేమోనప్పా. బండి గుట్ట ఎక్కుడులో ఉంటే ఆడ సన్నగా కూత మాదిరి వినపడతాంది. పైపే ఏమన్నా..."

"నువ్వు తోలు అన్నా. పైపు సంగతి నేను చూసుకుంటాను" అన్నాను.

శబ్దం విని జబ్బు చెప్పే మనిషి ఆయన. ఆయన మాటను నేను నడుమలో తెంపినాను. విప్పి చూసుంటే గరాటు మొదట్లో వెంట్రుకంత చీలిక కనిపించును. దాన్నే బిగించి ఇంకా పెద్దది చేసినాను. ఆయన బండి ఎక్కి పోయినాడు. దినమూ పొద్దున నూనె కొలత చూసేది మాత్రం ఆయన ఒక్కనాడూ మానలేదు.

మేలుమలై కనుమ

ఎనిమిదో దినం వాళ్లు కృష్ణగిరి నుంచి తిరిగి వస్తాండారు. మేలుమలై కనుమ సగం ఎక్కినంక ఇంజను అరిచె గానీ బండి కదల్లేదు. పైపు పూర్తిగా చీలి, ఉండే నూనెంతా రెండు నిమిషాల్లో రోడ్డు పాలయ్యె. మునెన్న వెంటనే ఆపి, "అయ్యా, నూనె పోయింది. ఇంక తోలకూడదు" అన్నాడు. రెడ్డికి తొందర పని ఉండె. ఎట్లన్నా కనుమ ఎక్కించు, పైన చూద్దామన్నాడు. యజమాని మాట కాదనలేక మునెన్న రెండు మూడు సార్లు తొక్కినాడు. లోపల నుంచి మాడిన వాసన వచ్చె. ఇంక ఆ బండి తనంతట తాను కదల్లేదు.

ఎద్దులు కట్టి కనుమ ఎక్కించి, ఆడ నుంచి లారీ వెనక కట్టి, మరుసటి దినం షెడ్డుకు తెచ్చినారు. మేస్త్రి గేరుబాక్సు విప్పినాడు. లోపలి బిళ్లలు నల్లగా కాలిపోయినాయి. అవి అమెరికా నుంచి రావాల, ఆ కాలంలో మా లాంటోళ్లకు తెప్పించే దారి లేదు.

రెడ్డి మునెన్న పక్కకు తిరిగినాడు. "పొద్దున నూనె చూసినావా, లేదా?"

చీలిన రాగి పైపు బల్ల మీదే ఉండె. మునెన్న నా పక్క చూసినాడు. ఆ చూపులో కోపం లేదు. నేను పలుకుతానేమో అని చూసినాడు, అంతే. నాకు పెండ్లి ఖాయమై నెల కాలేదు. పని పోతాదని భయం. నేను నా చేతులకుండే గ్రీసు తుడుచుకుంటా నిలబడినాను. ఆయన శానాసేపు కాచుకున్నాడు.

తర్వాత, "నేనే చూడలేదయ్యా" అన్నాడు.

రెడ్డి ఆయన్ని పనిలో నుంచి తీసేసినాడు. రెడ్డి పోయినాడు, మునెన్న కర్ర పట్టుకుని పోయినాడు. అప్పుడు మేస్త్రి నా దగ్గరికి వచ్చి, "వాడు నిన్ను కాపాడినాడని అనుకుంటాండావా? లేదు. నిజం చెప్పేదానికి నీకు టైము ఇచ్చినాడు. నువ్వు తీసుకోలేదు" అన్నాడు. ఆ మాట నిజం. అయితే పైపు చీలింది ఆయనకూ కనిపించె, ఆయనా నోరు తెరవలేదు. షెడ్డు పేరు పోతాదని ఆయన భయం. ఆయన చచ్చిపొయ్యేదాకా మేమిద్దరం ఆ మాట మళ్లా ఎత్తలేదు. గురువు మీద గౌరవం తగ్గలేదు గానీ, ఆ దినం ఇద్దరమూ ఒకటే తప్పు చేసినాము.

చేతి క్లచ్చి

రెడ్డి క్లచ్చి ఉండే బండి కొన్నాడు. నేను మూడు వారాలు కష్టపడి షెడ్డులో ఉండే పాత జీపుకు చేతి క్లచ్చి చేసినాను. పెడలుకు కమ్మి కట్టి, సీటుకు కుడి పక్క పైకి ఒక పిడి తెచ్చినాను. పిడి లాగితే క్లచ్చి పడతాది. మునెన్నను పిలిపించి కూచోబెట్టినాను.

ఆయన కుడి చేత్తో పిడి లాగినాడు, ఎడమ చేత్తో గేరు పట్టుకున్నాడు. స్టీరింగు పక్క చూసినాడు. దాన్ని పట్టుకునేదానికి చెయ్యి మిగల్లేదు. అన్ని దినాలు తిప్పలు పడినా ఇది నాకు తట్టనే లేదు.

"మూడో చెయ్యి కూడా చేసిపెట్టి ఉంటే బాగుండు గదప్పా ఆచారీ" అని నవ్వినాడు. తర్వాత నా మొగం చూసి నవ్వు ఆపినాడు. "ఇది నాకోసం చేసినావా, నీకోసం చేసుకున్నావా?"

ఆయన దిగి నా భుజం తట్టి పోయినాడు. ఆ వారమే హోసూరు విడిచి, మత్తూరు పక్కన ఉండే చెల్లెలి ఇంటికి చేరినాడు.

అప్పటి నుంచి నేను ఉక్కు ఉండే తావులో ఉక్కు తప్ప ఇంకోటి వెయ్యలేదు. క్లిప్పు లేకుండా ఒక పైపూ బయటికి పంపలేదు. నట్టు తడిగా కనిపిస్తే బిగించక ముందు విప్పి చూసినాను. మంచి పనోడని పేరు వచ్చె. ఆ పేరు విన్నప్పుడల్లా వాకిట్లో ఉండే టైరు పక్క చూపు పోయేది. పైపు నాది, తప్పు నాది అని చెప్పేదానికి రెండు మాటలు చాలు. మత్తూరు ఒక్క పూట బస్సు దారి. రేపు పోదాము, వచ్చే నెల పోదాము అనుకుంటానే ఎనిమిదేండ్లు గడిచిపోయె.

మత్తూరు

చివరికి ఒక ఆదివారం పోయినాను. మునెన్న వాకిట్లో మంచం మీద కూచోని శెనక్కాయలు వలుస్తాండాడు. శానా చిక్కిపోయినాడు. ఒక కంటికి చూపు పోయింది. నా అడుగు శబ్దానికే తల ఎత్తి, "ఆచారీ, వచ్చినావా" అన్నాడు.

చెల్లెలు మజ్జిగ ఇచ్చి లోపలికి పోయింది. నేను, "అన్నా, ఆ బండి..." అన్నాను.

ఆయన నా మాట పూర్తి కానియ్యలేదు. శెనక్కాయల చాట పక్కకు జరిపి, మంచం మీద కుడి పక్కకు జరిగి, ఎడమ పక్క నాకు తావు చూపించినాడు. "ఆదివారమే గదా. పోదాం పా, కూచో" అన్నాడు.

కూచున్నాను. ఆయన రెండు చేతులూ ముందుకు చాపి, లేని స్టీరింగును పట్టుకున్నాడు. "కృష్ణగిరి దాటినాము" అన్నాడు. కొంచేపటికి, "కురుబరపల్లి. తోపులో పూత వచ్చిందా చూడప్పా" అన్నాడు.

"వచ్చిందన్నా" అన్నాను. నాకు కండ్లలో నీళ్లు ఆగలేదు.

"ఇదో మేలుమలై" అన్నాడు. కుడికాలు నేల మీద గట్టిగా ఆనించినాడు.

"అన్నా, ఈడ ఆపు. నేను నీకు చెప్పాల్సింది ఉంది."

"ఎక్కుడులో మాట్లాడించొద్దప్పా" అన్నాడు. చేతులు అట్లా ఇట్లా తిప్పినాడు. మూడు వంపులు, నాకూ గుర్తే. చేతులు నిదానమైనాయి, కాలు వదులయ్యె. "ఎక్కేసినాము. ఇప్పుడు చెప్పు" అన్నాడు.

చెప్పినాను. పైపు నాది, తప్పు నాది, నువ్వు నూనె చూసినావని తెలిసే నోరు మూసుకున్నాను అని చెప్పినాను. ఆయన స్టీరింగు మీద నుంచి చేతులు తియ్యలేదు, నా పక్కకు తిరగలేదు.

"ఎనిమిదేండ్లు పట్టెనే నీకు, ఈ కనుమ ఎక్కేదానికి" అన్నాడు.

హోసూరు ఇంకా దూరం ఉండె. ఆయన తోలతానే ఉన్నాడు, నేను పక్కన కూచోనే ఉన్నాను.